తెర వెనక చావాల్సిన మా బాపు

ఆ రోజుల్లో హైదరాబాదు కాలేజీలో రెండేళ్ళు చదివిన ప్రతివాడికీ, లోకానికి న్యాయం నేర్పే హక్కు తనకొక్కడికే ఉందనిపించేది. నాకైతే మరీను. పోలీసు యాక్షన్ అయిపోయి, రజాకార్ల పీడ వదిలి, కేతేపల్లి దాపున ఉన్న మా ఊరు కాస్త ఊపిరి పీల్చుకుంటున్నప్పుడు నేను ఇంటికి చేరాను. చేరేసరికి ఇంట్లోనే యుద్ధం. చొప్పవాములో దాక్కున్న పెద్దబాపును రజాకార్లు పట్టుకుని కాలు విరగ్గొట్టారు. ఆ జాగా వాళ్ళకు చెప్పింది తమ్ముడే, అంటే మా బాపే అని ఊరంతా గుసగుస. పెద్దబాపు కొడుకు మీసాలన్న "చిన్నాయిన కాలు ఇరగ్గొట్టకుంటె నేను మా నాయినకు పుట్టనట్టే" అని ఒట్టు పెట్టుకున్నాడు. బాపు మాత్రం నోరు విప్పడు.

అప్పుడు నాకొక మహత్తరమైన ఆలోచన వచ్చింది (రాకుండా ఉంటే బాగుండేది). కాలేజీలో గ్రీకు దేశపు పాత విషాద నాటకం ఒకటి చదివాను. తండ్రిని చంపిన తల్లినీ, ఆమెతో చేతులు కలిపిన దాయాదినీ కొడుకు చంపేస్తాడు. చంపాక మనశ్శాంతి లేక పిచ్చెత్తి తిరుగుతాడు. అది ఆడిస్తే మీసాలన్నకు బుద్ధొస్తుందని నా అంచనా. కథ వినగానే మా అవ్వ "తల్లిని సంపుతడా? థూ, గసొంటి కత మన వాకిట్ల వద్దు బిడ్డా" అంది. సరేనని తల్లిని తీసేశాను. ఇక చావడానికి దాయాది ఒక్కడే మిగిలాడు. కొడుకు వేషం తనకే కావాలని మీసాలన్న పట్టుబట్టాడు. చచ్చే వేషానికి ఎవరూ ముందుకు రాకపోతే బాపు లేచి, "నేనేస్త తియ్. ఊరు నన్నెట్లయినా గదే అంటున్నది" అన్నాడు. అప్పుడైనా నా బుర్రకు వెలగలేదు.

రాత్రిపూట జనం గుమిగూడితే మిలిటరీ వాళ్ళు ఊరుకోరని పట్టపగలే పెద్దబాపు వాకిట్లో మొదలుపెట్టాం. గ్రీకుల పద్ధతిలో చావు జనానికి కనిపించకూడదు, కేక మాత్రమే వినిపించాలి. ఆ పద్ధతంటే నాకు ప్రాణం. అందుకే పోచంపల్లి చద్దరొకటి తెచ్చి తెర కట్టాను. మీసాలన్నకు చెక్క కత్తి ఇచ్చాను. తీరా ఘట్టం వచ్చేసరికి అతని చేతిలో ఉన్నది దుడ్డుకర్ర. బాపును తోసుకుంటూ తెర వెనక్కి తీసుకుపోయాడు.

లోపల పెనుగులాట. ఆ వెంటనే ఒక కేక. అది బాపు గొంతు కాదు.

సంఘం వాళ్ళు నలుగురి ముందూ తీర్చే పంచాయితీలకు అలవాటుపడ్డ జనం ఊరుకుంటారా? "కనవడకుండ కొట్టుడేంది? మేమెట్ల న్యాయం చెప్పాలె?" అంటూ చద్దరు పీకేశారు. దుడ్డుకర్ర నేలమీద పడి ఉంది. వేషానికని అంగీ విప్పి బాపు కప్పుకున్న శాలువా జారిపోయింది. ఆయన వీపు నిండా బెల్టు దెబ్బల మచ్చలు (ఇన్నాళ్ళూ అంగీ విప్పకపోతే చాదస్తమనుకున్నాం). ఆ వీపు పట్టుకుని మీసాలన్న వలవల ఏడుస్తున్నాడు. "ఏడ్వకురా, పోరడు రాసిన నాటకం పాడైతాంది" అంటున్నాడు బాపు.

పెద్దబాపు కుంటుకుంటూ వచ్చాడు. "నా జాగ చెప్పుమనే కొట్టిండ్రా?"

"చెప్తే గిన్ని దెబ్బలెందుకు పడుతయే అన్నా?"

"మరి గీ మాట నాకెందుకు చెప్పలే?"

"నువ్వు అడిగితె చెప్దామనుకున్న. నువ్వు అడగలే."

పెద్దబాపు తమ్ముణ్ణి గట్టిగా పట్టుకున్నాడు. అవ్వ ఇద్దర్నీ నాలుగు తిట్టి బువ్వకు లేవమంది. "పంచాయితీ తెగింది, పోదాం పాండ్రి" అని జనం దులుపుకుని లేచారు. నాకు పోయిన ప్రాణం తిరిగొచ్చింది.

కొడుకు పిచ్చెత్తి తిరిగే ఘట్టం, చివర్లో నేను చదవాల్సిన పెద్ద ఉపన్యాసం ఎవరికీ గుర్తు లేవు. చద్దరు మడతపెడుతూ నేను కళ్ళు తుడుచుకుంటుంటే, బాపు మీద ప్రేమ అనుకుని అందరూ నా తల నిమిరారు. అది నిజమే, కానీ నాటకం చెడిందన్న ఏడుపు కూడా అందులో సగం ఉంది. ఆ ఇరవై ఏళ్ళ పిచ్చివాణ్ణి తలుచుకుంటే ఇప్పుడు ముద్దొస్తాడు. ఆ తర్వాత చాలా నాటకాలు ఆడించాను. అన్నీ పుస్తకంలో ఉన్నట్టే ముగిశాయి. ఒక్కటీ అంత బాగా కుదరలేదు.