ఆహా అన్నందుకు

కొత్త ఉద్యోగంలో చేరిన మా మనవరాలు నన్ను సింఫనీకి తీసుకెళతానని టికెట్లు బుక్ చేసి, ఆ హాలు వాళ్ళు పంపిన ఈమెయిల్ మొన్న ఫోన్‌లో చూపించింది. మేము అమెరికాలో కాపురం పెట్టిన కొత్తలో వెళ్ళిన హాలే అది, పేరు చెప్పను. మీకు తోచినప్పుడు చప్పట్లు కొట్టండి, మనసారా మెచ్చుకోండి, మొహమాటపడకండి అని రాశారందులో. పిల్ల ప్రేమగానే చూపించింది గానీ, నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? ఆ ముక్క చదివి వినిపించడానికి మా మేనత్త ఇప్పుడు లేదు.

ఎనభైల మొదట్లో, అమ్మ లేని నాకు పురుడు పోయడానికి మా మేనత్త మిషిగన్ వచ్చింది. రాజమండ్రిలో వీణ పాఠాలు చెప్పేది. వాయించడం కన్నా వినడంలోనే ఆవిడకి పేరు ఎక్కువంటే మీరు నవ్వకండి, మన వయసు వాళ్ళకి తెలుసు ఆ సంగతి. నవమి పందిట్లో ఆవిడ తొడ మీద తాళం వేస్తూ ముందు కూర్చుంటే పాడేవాళ్ళు ఆవిడ వైపే తిరిగేవారు, ఆవిడ ఆహా అంటే అదే పల్లవి మరో కొత్త సంగతితో మళ్ళీ ఎత్తుకునేవారు.

ఆ చలికాలం వంటింటి రేడియోలో ఓ పేరున్న పియానో విద్వాంసుడు ఆర్కెస్ట్రాతో వాయించిన కన్సర్టో విని, అందులో మెల్లగా సాగే నడిమి భాగానికి ఆవిడ మనసు పారేసుకుంది. ఆయనే మా వైపు వస్తున్నాడని తెలిసి, ఎదురుగా కూర్చుని వినాలే అంది. ఇక్కడున్న ఆరు నెలల్లో ఆవిడ నోరు తెరిచి అడిగింది అదొక్కటే. పాపాయిని స్నేహితురాలికి అప్పగించి, పట్టుచీర మీద మా వారి పాత కోటు తొడిగి తీసుకెళ్ళాం.

మొదటి భాగం చివర్లో ఆర్కెస్ట్రా అంతా ఆగిపోయి ఆయనొక్కడే వాయించడం మొదలుపెట్టాడు. ఉరుముల్లాంటి ఆ చప్పుడులోంచి సన్నటి పాట ఒకటి పైకి తేలేసరికి మా అత్తయ్య గట్టిగా ఆహా అంది. ముందు వరసల్లో తలలన్నీ ఇటు తిరిగాయి. ఆవిడ కళ్ళు మూసుకుని తాళం వేస్తోంది, చేతి గాజులు గలగలమంటున్నాయి. మా వారు నలువైపులా సారీలు చెబుతున్నారు. ఆ భాగం ముగియగానే ఆవిడొక్కతే చప్పట్లు కొట్టింది; కన్సర్టో అంతా అయ్యేదాకా అక్కడెవరూ కొట్టరు.

కోటు వేసుకున్న హాలు మనిషి ఒకాయన వచ్చి వంగి, మమ్మల్ని బయటికి రమ్మన్నాడు. పక్కవాళ్ళకి ఇబ్బందిగా ఉందట, ఇంటర్వెల్ అయ్యాక మళ్ళీ లోపలికి రావచ్చట. ఇంటర్వెల్ తర్వాత ఆ పియానో ఆయన ఉండడని వాడికి తెలియదా? ఆవిడ ఏ భాగం కోసం వచ్చిందో అది మూసిన తలుపు వెనక సాగుతుంటే, కార్పెట్ మీద నిలబడి విన్నాం. తాగి అల్లరి చేసిన వాళ్ళనైనా అలా గెంటుతారా? అత్తయ్యకి కోపం రాలేదు, ఆశ్చర్యం వేసింది. "ఇంతమందీ నోరు కుట్టేసుకు కూర్చుంటే, విన్నామని అతనికెలా తెలుస్తుందే?" అని నన్నడిగింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, కారులో మా వారు మన పరువు పోయిందని ఇంగ్లీషులో నాతో అన్నారు, ఆవిడకి ఇంగ్లీషు రాదన్నట్టు! పైగా ఆ తర్వాత మనవాళ్ళు తలా ఓ వంటకం తెచ్చుకుని కలిసే ప్రతి పాట్‌లక్‌లోనూ అదో జోకు. ఆయన మీద ఆ కోపం నాకు ఇప్పటికీ పోలేదు, ఇది చదివితే చదువుకోనీండి.

ఆ వసంతంలో మనవాళ్ళంతా ఓ స్కూలు హాలు అద్దెకు తీసుకుని, ఇండియా నుంచి వచ్చిన గాయకుడి చేత కచేరీ పెట్టించారు. అత్తయ్యని ముందు వరసలో కూర్చోబెట్టాను. ఆవిడ రెండు చేతులూ శాలువాలో దాచుకుని కచేరీ అంతా బొమ్మలా కూర్చుంది. ఆయన ఎన్నిసార్లు ఆవిడ ముఖంలోకి చూశాడో! చివరికి దగ్గరికొచ్చి, "ఎక్కడైనా తప్పు పాడానా అమ్మా?" అని అడిగేశాడు. అద్భుతంగా పాడావు నాయనా అంటూ ఆవిడ కళ్ళు తుడుచుకుంది.

ఇప్పుడు మన కచేరీల్లోనూ అందరం అంత బుద్ధిగానే కూర్చుంటున్నాం. పిల్లలు ఫోన్లు ఎత్తి పట్టుకుంటారు, పెద్దవాళ్ళం ఆఖర్న లేచి నిలబడి చప్పట్లు కొడతాం. పాడేవాళ్ళు పాపం మధ్యమధ్య కళ్ళు తెరిచి మా వైపు చూస్తారు, కాసేపు ఆగి మళ్ళీ మూసుకుంటారు.