అటువైపు ఒక్క కుర్చీ

షాబాద్ బండల మీద ఇనుప కుర్చీ ఈడ్చిన చప్పుడు ఎక్కడ విన్నా నాకు లెక్చరర్ సాబ్ గుర్తొస్తారు.

ఫిజిక్సు చెప్పి రిటైరైన మనిషి. పాతబస్తీ హుస్సేనీ ఆలంలో మేం రోజూ కలిసే చాయ్ హోటల్లో కొత్తగా టీవీ పెట్టారు. భూమి వేడెక్కుతోందా లేదా అని అందులో ఇద్దరు వాదించుకుంటే చాలు, సాబ్ చాయ్ వదిలేసి లేచేవారు. ఖాళీ కుర్చీలన్నీ ఒకవైపుకి ఈడ్చి, ఎదురుగా ఒక్కటే వేసేవారు.

"సైంటిస్టులు అసల్ గిట్ల కూసున్నరు. వేడెక్కుతుందనేటోళ్లు గిందరు, కాదనేటోడు గా ఒక్కడు. టీవీవోళ్లేమో చెరొక్క కుర్చీ ఏసి, సగం సగం అన్నట్టు సూపెడ్తున్నరు!"

లాడ్ బజార్‌లో గాజుల దుకాణం నడిపే భాయ్ ఊరుకునేవాడు కాదు. "ఎక్కువమంది అంటే నిజమైపోతదా సాబ్?"

"రంజాన్ నెలవంక నువ్వొక్కనివే చూసిన్నంటే పండుగ జేస్తరా? నాలుగు ఊర్ల నుంచి గవాహీ, సాక్ష్యం రావాలె గద. సైంటిస్టులు గూడ గట్లనే, ఎవరికి వాళ్లు కొలిచి ఒక్క మాట మీదికొచ్చిన్రు."

భాయ్ ఏ సాయంత్రమూ ఒప్పుకోలేదు. ఇద్దరి చాయ్‌లూ చల్లారిపోయేవి.

సాబ్ చనిపోయాక, ఒక ఎండాకాలం, టీవీలో మళ్లీ అదే వాదన మొదలైంది. భాయ్ గొణుక్కుంటూ లేచాడు. కుర్చీలన్నీ ఒకవైపుకి ఈడ్చి, ఎదురుగా ఒక్కటి వేశాడు.

"మొత్తానికి ఒప్పుకున్నావా భాయ్?" అన్నాను.

"యే, ఎక్కడి ఒప్పుకునుడు!" అంటూ వెళ్లి ఆ ఒంటరి కుర్చీలో కూర్చున్నాడు. "సాబ్‌తోని లొల్లి పెట్టుకునేటోడు ఒక్కడన్న ఉండాలె గద."