పలక మీద కట్టిన పాట

“పోయే ప్రాణం చేత పాటలు పాడిస్తారేంటండీ పంతులమ్మగారూ? గొంతు కదపొద్దని డాక్టరుబాబు చెప్పలేదా?”

“పాడమని నేననలేదు వీరమ్మా. కట్టుకుంటానని ఆయనే అడిగాడు.”

“అడుగుతారు! దగ్గొస్తే పట్టుకుని కూచునేది నేను గదా. రేపట్నుంచి రాకండి!”

మా అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి అరుస్తోంది. సారమ్మగారు పలక పట్టుకుని వాకిట్లోనే నిలబడ్డారు. యానాంలో ఇంకా ఫ్రెంచివాళ్ళున్న రోజులవి. కనకాలపేట బడిలో ఆవిడ దగ్గర నేను చదివింది మూడు తరగతులే. మా నాన్న గోదావరిలో వలేసేవాడు. గొంతులో పుండు లేచింది, ఇక మందు లేదన్నారు. అలాంటివాళ్ళ ఇళ్ళకు సారమ్మగారు బడి వదిలాక వెళ్ళి, వాళ్ళ మాటలతోనే వాళ్ళకొక పాట కట్టించేవారు. చెప్పింది ముందు పలక మీద రాసేవారు. రోగి తల ఊపేదాకా కాగితం ముట్టుకునేవారు కాదు. కాగితం దండగ చెయ్యని మనిషని నాకు ఆవిడంటే అప్పటినుంచే గౌరవం.

లోపల్నుంచి నాన్న, “రానియ్యవే, ఒక్క ముక్కే మిగిలింది” అన్నాడు. “ఇదే ఆఖరు” అని అమ్మ పక్కకు తప్పుకుంది.

ఆ పాటలో నాన్న దేవుణ్ణి పెట్టలేదు, గోదారిని పెట్టలేదు. అమ్మను పెట్టాడు.

“వల ఆరకముందే వంకలెడతాది, కూర ఉడక్కముందే కేకలెడతాది, పడవొచ్చేదాకా మాత్రం...”

అక్కడ ఊపిరాడక ఆగిపోయాడు.

“ఎదురుచూస్తాది!” అన్నాను నేను, తెలివి చూపించుకుందామని. నాన్న తల అడ్డంగా ఊపాడు.

“ఆగమ్మా” అన్నారు సారమ్మగారు నెమ్మదిగా. “ఆయన మాట నువ్వు చెప్పేస్తే ఇక ఆయనకేం మిగుల్తుంది?”

ఆగాం. పొయ్యి మీద గంజి పొంగి నిప్పుల్లో పడుతున్నా ఎవరూ లేవలేదు. చాలాసేపటికి నాన్న, “...పస్తుంటాది” అన్నాడు.

“అబద్ధం! రెండుసార్లు తినేశాను!” అంది అమ్మ, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

నాన్న నవ్వాడు. “అదీ రాయండి పంతులమ్మగారూ.”

మా మనవలు నన్ను పిసినారి అంటారు. నిజమే, అగ్గిపుల్ల కూడా ఊరికే గీయనివ్వను. కానీ మంచాన పడ్డవాళ్ళ దగ్గర కూర్చున్నప్పుడు, వాళ్ళ నోట మాట ఎంతసేపు ఆగినా నేను అందించను. కూర్చుంటాను. అది సారమ్మగారు నేర్పిందే.

మర్నాడు పొద్దున్నే అమ్మ ఆవిడ ఇంటికి వెళ్ళి, “ఇంకో చరణం ఉందంటన్నారండీ, బడి వదలగానే వచ్చెయ్యండి” అని చెప్పి వచ్చింది.