బండి మీద మాటలు

పోయిన ఆదివారం పొద్దున హైటెక్ సిటీ సిగ్నల్ దగ్గర ఆగి ఉన్నాం. పక్కన ఒక పెద్ద బైకు వచ్చి ఆగింది. దాని మీద కుర్రాడికి ఆదివారం కూడా మెడలో ఆఫీసు ట్యాగు వేలాడుతూనే ఉంది. హెల్మెట్ అద్దం పైకెత్తి, మా బండిని ముందు చక్రం నుంచి వెనక లైటు దాకా చూసి, "ఏ ఇయర్ మోడల్ అంకుల్?" అని అడిగాడు. మా ఆయన తల తిప్పలేదు. నేనే వెనక సీటు మీద నుంచి, "ఎనభైల్లోది బాబూ, నా పెళ్లికన్నా ఏడాది చిన్నది" అన్నాను. "అమ్ముతారా ఆంటీ? ఎంతైనా ఇస్తా" అన్నాడు. అంతలో పచ్చ లైటు పడింది. మా బండి ఆ పిల్లవాడి మీద కాస్త నీలం పొగ వదిలి ముందుకు దూకింది. ఒకసారి దీన్ని నిజంగానే అమ్మబోయాం. అది సిగ్నల్ దగ్గర చెప్పే సంగతి కాదు కాబట్టి ఇక్కడ చెబుతున్నాను.

మాది గుంటూరు వైపు. నాన్నది ప్రభుత్వ ఉద్యోగం, బదిలీ మీద హైదరాబాదు వచ్చి కూకట్‌పల్లిలో కిరాయి ఇంట్లో ఉండిపోయాం. మా ఆయన వాళ్లది చందానగర్, అక్కడే పుట్టి పెరిగిన కుటుంబం. ఆయన బాలానగర్‌లో ఒక ఫ్యాక్టరీలో, ప్రెస్ షాపులో పని చేసేవారు. ఇనప రేకుల్ని పెద్ద యంత్రాల కింద పెట్టి దబదబా అచ్చులు కొట్టే చోటు అది. పెళ్లయిన కొత్తలో ఒకసారి చూద్దామని వెళితే, లోపలికి అడుగుపెట్టగానే నా తలలో ఎవరో పళ్లెం పెట్టి మోగించినట్టయింది. అక్కడ ఎవరూ నోటితో మాట్లాడుకోరు, అంతా చేతి సైగలే. ఆ అలవాటు ఆయన ఇంటికి కూడా తెచ్చారు. మొదటి వారంలోనే నాకేసి చూసి బొటనవేలు నోటి దగ్గర పెట్టి ఎత్తి చూపించారు. ఈయనకి తాగుడు అలవాటుందని, మా నాన్న సరిగ్గా విచారించకుండానే పిల్లనిచ్చారని అనుకున్నాను. తీరా చూస్తే ఆయన అడిగింది మంచినీళ్లు.

చందానగర్ ఇల్లు రెండు గదులూ ఒక వరండా. అందులో మామయ్య, అత్తమ్మ, ఇద్దరు మరుదులు, ఒక ఆడపడుచు, మేమిద్దరం. ఆ ఇంట్లో గుసగుసలకి కూడా చోటు లేదు. నేను వంటింట్లో ఆయన చెవి దగ్గర "రేపు సినిమాకి వెళ్దామాండీ" అంటే, వరండాలోంచి అత్తమ్మ "రేపు చుట్టాలొస్తరు" అని జవాబిచ్చేవారు. ఆవిడ మంచి మనిషి, చాటుగా వినే రకం కాదు. గోడలే అంత పల్చన. నేను ఆయనతో మాట్లాడిన ప్రతి మాటా అందరి మాట అయిపోయేది. మా ఇద్దరికీ కాపురం ఉంది గానీ, దాని గురించి మాట్లాడుకునే జాగా లేదు.

ఏడాదికి ఈ బండి వచ్చింది. నల్లటి ట్యాంకు, దాని పక్కన ఎర్ర చార, వంద సీసీ ఇంజను, పెట్రోలులో ఆయిల్ కలిపి పోయిస్తే తప్ప నడవని రకం. చిన్న బండి. ఇప్పటి బైకుల పక్కన నిలబెడితే వాటి పిల్లలా కనిపిస్తుంది. చలికాలం పొద్దున్నే దాన్ని ఒక పక్కకి వంచి, చోక్ లాగి, కిక్కు మీద కిక్కు కొట్టాలి. అప్పటికీ లేవకపోతే ప్లగ్గు విప్పి ఉప్పుకాగితంతో రుద్ది, ఉఫ్ అని ఊది మళ్లీ బిగించాలి. ఆయన ఇదంతా పూజ చేసుకున్నంత తీరుబడిగా చేసేవారు. అవతల నేను టిఫిన్ డబ్బా పట్టుకుని నిలబడి ఉన్నానన్న ధ్యాసే ఉండేది కాదు.

సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వచ్చి టీ తాగాక, "బండికి గాలి కొట్టిచ్చుకొస్తం అమ్మా" అనేవారు. ఆ "తం"లో నేనూ ఉన్నానని అందరికీ అర్థమయ్యేది. కొన్నాళ్లు ఊరుకుని ఒకరోజు అత్తమ్మ అడగనే అడిగారు, "ఏందిరా, గా బండికి దినాం గాలి వోతదా?" అని. మామయ్య తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని నవ్వారు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. మేము మాత్రం గాలి సాకు మానలేదు.

అప్పుడు కొండాపూర్, కొత్తగూడ దాటితే అన్నీ రాళ్లే. ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న పెద్ద పెద్ద బండరాళ్లు, మధ్యలో సీతాఫలం చెట్లు, మేకలు. రోడ్డు ఉందంటే ఉంది, లేదంటే లేదు. చీర కొంగు నడుముకి చుట్టుకుని, ఒక పక్కగా కూర్చుని, ఆయన భుజం మీద చెయ్యి వేసి, చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా మాట్లాడేదాన్ని. ఇంజను మోత, పైన గాలి, మామూలుగా చెబితే వినబడదు. ఇంట్లో గుసగుసలాడినా ఊరంతా వినేది, ఇక్కడ ఎంత అరిచినా వినేది ఆయన ఒక్కరే. మరిది చదువుకి ఎలా సర్దాలన్నదీ, నేను ఉద్యోగం చేస్తానన్నదీ, అమ్మాయి కడుపున పడ్డదన్నదీ అన్నీ బండి మీదే చెప్పాను. ఆ చివరి మాట విని ఆయన బండిని తిన్నగా సీతాఫలం పొదలోకి తోలారు. పోట్లాటలూ అక్కడే. నాకు కోపం వస్తే భుజం వదిలేసి వెనక క్యారియరు పట్టుకునేదాన్ని. అది చూసి ఆయన బండి ఇంకొంచెం దూరం తిప్పేవారు. ఇంటి గేటు ముందు దిగేసరికి ఇద్దరి మొహాలూ మామూలుగా ఉండేవి.

తర్వాతి సంగతులు అందరి ఇళ్లలోవే. ఆ రాళ్లు పగిలి అద్దాల మేడలు లేచాయి. మాకు కారు వచ్చింది. అత్తమ్మ, మామయ్య పోయాక చందానగర్ ఇల్లు అమ్మి వాటాలు పంచుకున్నారు. మా వాటాతో నిజాంపేటలో మూడు గదుల ఫ్లాటు కొనుక్కున్నాం. ఇల్లు అమ్మేద్దామని ముందుగా అన్నది నేనే. ఆయన ఒప్పుకున్నారు గానీ మనసు ఒప్పుకోలేదని నాకు తెలుసు. అమ్మాయి చదువుకుని సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో చేరి, గచ్చిబౌలిలో కాపురం పెట్టింది. దానికో బాబు. ఆయన రిటైరయ్యారు. బండి మాత్రం ఫ్లాటు కింద సెల్లార్‌లో గుడ్డ కప్పుకుని ఉండేది. కాగితాలు ఎప్పటికప్పుడు సరిచేయించి, నెలకోసారి కిందికి వెళ్లి దాన్ని కాసేపు మోగించి వచ్చేవారు.

ఆ ఫ్లాటులోకి వచ్చిన కొన్నాళ్లకి ఆయన మాట తగ్గింది. ఏ కూర వండమంటారంటే "ఊఁ". నల్లా కారుతోంది, మనిషిని పిలవండి అంటే "సరే". ఆ మనిషి వచ్చేవాడు కాదు. దోస్తులు ఫోన్ చేస్తే "నువ్వు మాట్లాడు" అని నా చేతికిచ్చి బాల్కనీలోకి వెళ్లిపోయేవారు. పొద్దస్తమానం పేపరు. మూడు గదులున్నాయి, మాట్లాడుకోవడానికి కావలసినంత జాగా ఉంది, వినడానికి అత్తమ్మ లేరు, మా మధ్య మాటే లేదు. ఇల్లు అమ్మించినందుకు నా మీద కోపం అనుకున్నాను. మొదట్లో బతిమాలాను. తర్వాత నాకూ కోపం వచ్చింది. ఇలా రెండేళ్లు గడిచాయి. ఆ రెండేళ్లలో నేను ఏడ్చిన ఏడుపు నా పెళ్లయిన ఇన్నేళ్లలో ఏడవలేదు.

అమ్మాయి బాబుని చూసుకోవడానికి ఇబ్బంది పడుతోంది, ఇద్దర్నీ రమ్మంది. ఈయన రారని నాకు తెలుసు. నేనొక్కదాన్నీ వెళ్లిపోదామని నిశ్చయించుకున్నాను. వారానికోసారి వచ్చి పోయే లెక్క కాదు, అక్కడే ఉండిపోవడం. అదే మాట ఆయనతో చెప్పాను. పేపరు చూస్తూనే "మంచిదే" అన్నారు. కాస్సేపాగి ఇంకోసారి చెప్పాను. తల ఊపారు. మర్నాడు భోజనాల దగ్గర మళ్లీ చెబితే, మజ్జిగ పోసుకుంటూ "సరే సరే" అన్నారు. వెళ్లొద్దు అని ఒక్కమాట అంటే ఆగిపోయేదాన్ని. ఇంతకాలం కాపురం చేసిన మనిషికి నేను ఉన్నా లేకపోయినా ఒకటేనని తేలిపోయింది. బట్టలు సర్దుకున్నాను.

సరిగ్గా అప్పుడే అపార్ట్‌మెంటు వాళ్లు, సెల్లార్‌లో మీ బండి నుంచి ఆయిల్ కారి టైల్సు పాడవుతున్నాయి, తీసేయమన్నారు. అమ్మాయి ఆఫీసులో ఎవరికో తెలిసిన కుర్రాడు మాదాపూర్‌లో కాఫీ హోటలు పెడుతున్నాడట, పాత బండిని గోడకి తగిలిస్తే అందంగా ఉంటుందని వెతుకుతున్నాడట. ఆ మాటా ఆయనతో చెప్పాను. దానికీ "సరే"నే. ఆదివారం తీసుకెళ్లి ఇచ్చేద్దామని, కింద బండి ఉన్న వైపు చెయ్యి చూపించి అన్నాను. శనివారం పొద్దున్నుంచీ ఆయన కింద బండి దగ్గరే. ప్లగ్గు రుద్దారు, కార్బొరేటర్ విప్పి కడిగారు, ట్యాంకు మెరిసేదాకా తుడిచారు. పైకి వచ్చేటప్పుడు ఈల వేస్తున్నారు. బండి ఇచ్చేస్తూ ఇంత సంబరమేమిటని నాకు ఒళ్లు మండింది.

ఆదివారం బయల్దేరాం. ఆయన నెత్తిన చెవులు కప్పని పాత టోపీ హెల్మెట్. హఫీజ్‌పేట, కొండాపూర్ దాటాం. ఆయన హుషారుగా తోలుతున్నారు, నేను క్యారియరు పట్టుకుని కూర్చున్నాను. హైటెక్ సిటీ దగ్గరికి వచ్చేసరికి ఇక ఆపుకోలేకపోయాను. హెల్మెట్ అద్దం పైకి తోసి, ఆయన చెవి దగ్గర నోరు పెట్టి, "నేను వెళ్లిపోతుంటే మీకింత సంతోషంగా ఉందా?" అని అరిచాను.

"యాడికి పోతున్నవ్?" అన్నారు.

"అమ్మాయి ఇంటికి! ఇక రాను, అక్కడే ఉంటానని ఎన్నిసార్లు చెప్పాను! మంచిదే అన్నారు కదా!"

బండి వేగం తగ్గింది. పక్కకి తీసి మెట్రో స్తంభం దగ్గర ఆపి, వెనక్కి తిరిగి నన్ను చూశారు. "నాకెప్పుడు జెప్పినవ్?" అన్నారు.

"ఎల్లుండే ప్రయాణం. అందుకే కదా, ఇవాళ బండి కూడా ఇచ్చేస్తున్నాం."

"బండి ఎవరికిస్తున్నం?"

అప్పుడు చూశాను ఆయన మొహం. నటన రాని మొహం అది. మరి ఎక్కడికి బయల్దేరామనుకున్నారని అడగడానికి మళ్లీ చెవి దాకా వంగాల్సి వచ్చింది. "నువ్వు చేతితోని బండి దిక్కు చూపిచ్చినవ్. ఊకెనే తిరిగొద్దమంటున్నవ్ అనుకున్న. మస్తు ఖుషీ అయిన" అన్నారు. హ్యాండిల్ కేసి చూస్తూ, "రెండేండ్ల సంది ఇనొస్తలేదు. గిట్ల చెవుల జెప్తె ఇనొస్తది గని, దూరంకెల్లి మాట్లాడ్తె నోరు కదులుడే కనవడ్తది. ప్రెస్సుల పనిజేసినోళ్లకు గిట్లనే అయితది" అన్నారు.

"నాకు చెప్పొచ్చు కదండీ! అన్నిటికీ సరే సరే అంటూ కూర్చున్నారు!"

"సరే అంటె ఎవరికి పరేషాన్ ఉండదు గద. మా దోస్తుకు గిట్లనే అయితె ఇంట్ల మాట్లాడుడే బంద్ జేసిండ్రు, చెవిటోనితోని ఏం మాట్లాడ్తమని. నువ్వు గూడ బంద్ జేస్తవని భయమైంది."

ఆఫీసుల మధ్య, నడిరోడ్డు పక్కన, హెల్మెట్ పెట్టుకునే ఏడ్చాను. ఈయనకి నా మీద కోపం లేదు, నన్ను పంపించేయాలని లేదు. రెండేళ్లుగా నేను మోసిన బరువంతా ఉత్తిదేనని తెలిస్తే నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. హోటలు కుర్రాడికి ఫోన్ చేసి, బండి ఇవ్వడం లేదు నాయనా, ఏమీ అనుకోకు అని చెప్పాను.

ఆ తర్వాత జరిగినవి త్వరగా చెప్పేస్తాను. దవాఖానకి వెళ్లాం, రెండు చెవులకీ మిషన్లు పెట్టారు. ఇప్పుడు నేను వంటింట్లో గొణుక్కునేవి కూడా వినబడుతున్నాయి, అదో కొత్త చిక్కు. బండి మీద గాలికి ఆ మిషన్లు బుసకొడతాయని తీసి జేబులో వేసుకుంటారు, అందుకని అక్కడ మాత్రం నేను ఎప్పటిలాగే చెవిలో అరవాలి. బండి కింద ఒక పాత పళ్లెం పెట్టాం, అపార్ట్‌మెంటు వాళ్లు ఊరుకున్నారు. అమ్మాయి ఇంటికి ఇద్దరం కలిసే వెళుతున్నాం, కలిసే వస్తున్నాం.

ఆ ఆదివారం బండి వెనక్కి తిప్పాక ఆయన, "ఈ రెండేండ్లల్ల ఏమేం జెప్పినవో అన్ని మళ్ల జెప్పు. ఒక్కటి గూడ ఇడువకు" అన్నారు. భుజం మీద చెయ్యి వేసి మొదలుపెట్టాను. నెలల తరబడి సాధించిన నల్లా సంగతి చెవిలో చెబితే ఒక్క ముక్కలో అయిపోయింది. మా చెల్లెలి ఆపరేషను, ఎదురింటి వాళ్ల గృహప్రవేశం, ఇల్లు అమ్మించినందుకు కోపమా అని నేను అడిగినవి, వాటికి జవాబు రాక తిట్టినవి, అన్నీ చెప్పాను. గొంతు చించుకుని చెప్పాల్సి వస్తే చెప్పదగ్గవి ఎంత తక్కువో తెలుస్తుంది. కొత్తగూడ వచ్చేసరికి ఇంకొక్కటే మిగిలింది. "బాబు మొదటిసారి తాతా అన్నాడండీ" అన్నాను. "ఎప్పుడు?" అన్నారు. "పోయిన ఏడు. మీ ఒళ్లో కూర్చుని, మీ మొహం చూస్తూనే అన్నాడు. మీరు పలకలేదు." ఆయన బండి నెమ్మది చేశారు. తర్వాత, "ఎట్ల అన్నడు? మళ్ల జెప్పు" అన్నారు. నిజాంపేట దాకా ఆ ఒక్కటే మళ్లీ మళ్లీ చెప్పించుకున్నారు. ఒకే ఇంట్లో, పక్కపక్క కంచాల్లో తిన్నా, ఆ రెండేళ్ల కాలం మా ఇద్దరికీ ఒకేలా గడవలేదు.