ఫోన్లలో కుంటి సారు

మా ఎరువుల కంపెనీ హన్మకొండ ఆఫీసులో ఇప్పుడు అందరం మర్యాదగా మాట్లాడుతున్నామనీ, అది కొత్త మేనేజర్ పెట్టించిన శిక్షణ పుణ్యమనీ చెప్పుకుంటున్నారు. అబద్ధం. ఆ శిక్షణలో నేను సమోసాలు తిని, వెనక వరుసలో కునుకు తీశాను.

అసలు సంగతి వేరు. మా దగ్గర ఒకే పేరున్నవాళ్లు ముగ్గురు. గుర్తుకోసం ఒకరు పొడుగు సారు, ఒకరు నల్ల సారు, చిన్నప్పుడే పోలియో వచ్చిన గోదాం ఇన్‌చార్జి కుంటి సారు. ఆ పేర్లు పెట్టింది నేనే. తొర్రూరు, వర్ధన్నపేట డీలర్లకు అతని నంబరు అదే పేరుతో పంచిందీ నేనే. అలా పిలిస్తే అతను నవ్వేవాడు. నవ్వాడు కదా, ఇష్టమే అనుకున్నాను. అంత తెలివి నాది.

ఒక మధ్యాహ్నం అతను టిఫిన్ డబ్బా తెరవకుండా కూర్చున్నాడు. హాస్టల్లో ఉన్న కూతురి ఫోన్ కలవక, ఆమె స్నేహితురాలికి చేశాడట. ఆ పిల్ల ఫోన్‌లో, కొత్త నంబరు ఎవరిదో చూపించే యాప్ ఉంది. నలుగురూ ఏ పేరుతో దాచుకుంటే అది అదే చూపిస్తుంది.

“ఫోన్ ఎత్తి, ‘ఎవరో కుంటి సారట, నీకు ఎరుకేనా’ అని నా బిడ్డను అడిగిందన్నా. నేను లైన్ల వింటనే ఉన్న. నా బిడ్డ తెల్వదన్నది.”

ఆ సాయంత్రమే ఆఫీసులో ఒక్కొక్కరి ఫోన్ లాక్కుని ‘గోదాం సారు’ అని మార్చాను. డీలర్లకు ఫోన్లు చేశాను. తొర్రూరు డీలర్ విసుక్కున్నాడు.

“ఇన్నేండ్ల సంది నువ్వే చెప్తివి గద సార్. ఇప్పుడేంది, ఆయన కాలు మంచిగైందా?”

“నా నోరు మంచిగైంది. మార్చు.”

తర్వాత నా ఘనకార్యం చెప్పుకోవడానికి గోదాముకు వెళ్లాను. అంతా విని, అతను నాకే రింగ్ ఇచ్చాడు. బల్ల మీద నా ఫోన్ వెలిగింది: కుంటి సారు.

“అందరియి మార్చినవు. జర నీది గూడ మార్చన్నా,” అన్నాడు. ఈసారి నవ్వలేదు.

తప్పులు కొట్టుకుంటూ అక్కడే మార్చాను. యాప్‌లో మారడానికి టైం పడుతుందేమో అని గొణిగాను. అతను వినిపించుకోకుండా, కూతురి ఫోన్ ఇంకా కలవడం లేదని ఆమె స్నేహితురాలికే మళ్లీ ఫోన్ చేశాడు. అవతల ఏ పేరు కనిపించిందో మాకు తెలియదు.

“నేను నీ దోస్తు బాపునమ్మా,” అన్నాడు, ఆ పిల్ల అడగకముందే. “జర బిడ్డకియ్యి.”

నేను కుర్చీ జరిపాను. అతను కూర్చోలేదు. ఫోన్ చెవికి అదిమిపెట్టుకుని బస్తాల మధ్య నిలబడ్డాడు. కాసేపటికి, “ఆఁ బిడ్డా,” అన్నాడు.