ఆముదం గిన్నెలో కలిపింది నేను

మా ఊళ్లో ఎవరింట్లో కాన్పు అయినా ఒక మాట వినిపిస్తుంది. "నీళ్లు పోసేదానికి ఎవురినన్నా పిలుచుకోండి గానీ, ఆ ముసలామెను మాత్రం పిలవాకండి."

ఆ ముసలామె మా అమ్మ. ఒకప్పుడు మా వీధిలో పుట్టిన బిడ్డలందరికీ మొదటి స్నానం ఆమె కాళ్ల మీదే. ఇప్పుడు చంటిబిడ్డ ఉన్న ఇంటి ముందు నుంచి నడవాల్సి వస్తే తల వంచుకొని పోతుంది. ఆమె చేతిలో నా మనవరాలు చావబోయిందని ఊరు నమ్ముతోంది. మొన్నటిదాకా అమ్మ కూడా నమ్మింది. జరిగింది అది కాదు. ఏం జరిగిందో తెలిసి కూడా నోరు మూసుకున్నవాణ్ణి నేను, కాబట్టి నేనే రాయాలి.

నూనెల పిచ్చి నాకు కరోనాలో పట్టింది. పిచ్చి అన్నది మా ఆవిడ పెట్టిన పేరు. నిజానికి అది భయం. ఆ జబ్బులో మా నాయన పోయాడు. ఆయన పోయిన ఇంట్లో ఊపిరి పీల్చాలన్నా నాకు భయంగా ఉండేది. ఎవరో చెబితే అనంతపురం పాతూరులో ఒక అంగడికి పోయి నీలగిరి తైలం సీసా తెచ్చుకున్నాను. మరిగిన నీళ్లలో కొన్ని చుక్కలు వేసి, దుప్పటి ముసుగేసుకొని ఆవిరి పట్టాను. కళ్లలో నీళ్లు కారాయి. బిగుసుకుపోయిన రొమ్ము వదులైంది. చాలా రోజుల తర్వాత ఆ పూట నిద్రపోయాను.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. పంటినొప్పికి దూదిలో లవంగ నూనె, ఇల్లు తుడిచే నీళ్లలో నిమ్మగడ్డి నూనె, దోమలకూ అదే. పుదీనా పువ్వు, వాము పువ్వు, కర్పూరం మూడూ ఒక సీసాలో వేసి మూత పెడితే, చుక్క నీళ్లు పోయకుండానే కరిగి నూనెలాగా అవుతాయి. మొదటిసారి అది చూసినప్పుడు ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను. తలనొప్పికి అది రాసేవాణ్ణి, కీళ్లనొప్పికి అది రాసేవాణ్ణి. నీలగిరి చుక్క వేసిన చేతిగుడ్డ లేకుండా గడప దాటేవాణ్ణి కాదు.

"చుట్టాలు వాకిట్లోనే నిలబడి, ఈడ ఎవురికన్నా బాగలేదా అని అడుగుతాండారు" అనేది మా ఆవిడ. "ఇల్లంతా దవాఖానా వాసన."

తాడిపత్రిలో కాపురముంటున్న మా అమ్మాయి ఫోన్లో నవ్వేది. "నాయనా, నువ్వొస్తే నీ కంటే ముందు నీ వాసన బస్సు దిగుతాది."

అమ్మ మాత్రం ఏమీ అనేది కాదు. ఆమెకు ఆ వాసన తెలియదు. కరోనాలో అమ్మ ప్రాణం నిలిచింది గానీ ముక్కు పనిచేయడం మానేసింది. ఘాటైన వాసనలు రోజూ చూపిస్తే తిరిగి వస్తుందని ఎక్కడో విన్నాను. పొద్దున్నే లవంగ నూనె, నీలగిరి తైలం, నిమ్మగడ్డి నూనె ఒకదాని తర్వాత ఒకటి ఆమె ముక్కు దగ్గర పెట్టేవాణ్ణి.

"వచ్చిందామా?"

"గాలొచ్చిందప్పా."

నెలల తరబడి గాలే వచ్చింది. చివరికి విసిగిపోయి, "ఇంగ ఊరికే ఉండు. వాసన తెలీనిదాని చేతి కూడు ఎవురు తింటారు? ఎవురికీ చెప్పాకు" అంది. మా ఆవిడ ముందు కూర మూత తీసి, "బాగుందే వాసన" అని నటించేది. అమ్మకు వాసన తిరిగి రాలేదన్న సంగతి ఇంట్లో నాకొక్కడికే తెలుసు.

ఆ తర్వాత మా అమ్మాయి మొదటి కాన్పుకు వచ్చింది. ఆడబిడ్డ పుట్టింది. ఇంట్లో ఏడుపు, నవ్వు, సాంబ్రాణి పొగ. అమ్మ మళ్లీ పనిలో పడింది. చేని గట్టున కాసిన ఆముదాలు దంచి, ఉడికించి, తనే నూనె తీసింది. స్నానాల గదిలో పీట మీద కూర్చొని కాళ్లు చాపి, బిడ్డను వాటి మీద పడుకోబెట్టుకునేది. ముందు మాడుకు ఆముదం, తర్వాత ఒళ్లంతా, చివరికి చిటికెన వేలు గిన్నెలో ముంచి రెండు ముక్కుల్లో చెరో చుక్క. మా ఊళ్లో అందరూ అట్లాగే చేసేవాళ్లు. నాకూ అట్లాగే చేసింది.

బిడ్డకు రెండో నెల నడుస్తుండగా జలుబు చేసింది. ముక్కు మూసుకుపోయి పాలు తాగలేకపోయేది. రొమ్ము పట్టుకోవడం, గుక్క తిప్పుకోలేక వదిలేయడం, ఏడవడం. ఆ గురగుర వింటుంటే నాకు నాయన చివరి రోజులు గుర్తొచ్చేవి. అందరూ, "చంటిబిడ్డలకు పడిశం మామూలే" అన్నారు. నాకు మామూలుగా లేదు. నీలగిరి రాద్దామా అని మా ఆవిడను అడిగాను.

"నీ సీసాలు తీసుకొని బిడ్డ దగ్గరికి వస్తివా, నిన్నూ సీసాలనూ కలిపి బయట పెడతా" అంది. అమ్మాయి పకపకా నవ్వింది. నాకు తల కొట్టేసినట్టయింది.

మరుసటి పొద్దున అమ్మ నీళ్లు తోడుతుండగా, గూట్లో ఉన్న ఆముదం గిన్నెలో నీలగిరి తైలం ఒక మూత నిండా పోసి, వేలితో కలిపి పెట్టాను. రాస్తే చాలు, బిడ్డకు ఊపిరి ఆడుతుంది, వీళ్లతో వాదన ఉండదు అనుకున్నాను. ఇల్లంతా ఎప్పుడూ ఉండే వాసనే కాబట్టి మా ఆవిడ పసిగట్టదు. అమ్మకు ఎట్లాగూ తెలియదు. ఆ సమయానికి నాకిది తట్టలేదని చెప్పుకోవాలని చాలాసార్లు ప్రయత్నించాను. తట్టింది. అమ్మకు వాసన రాదన్న ధీమాతోనే కలిపాను. ముక్కులో చుక్క వేస్తుందన్నది మాత్రం ఆలోచించలేదు.

నేను వాకిట్లో పళ్లు తోముకుంటున్నాను. లోపల బిడ్డ ఏడుస్తోంది. ఉన్నట్టుండి ఏడుపు తెగిపోయింది. పిల్లలు ఊరుకునేటప్పుడు ఏడుపు కొంచెం కొంచెంగా తగ్గుతుంది. ఇది దారం తెగినట్టు తెగింది. తర్వాత అమ్మ గొంతు. "పాపా. ఏయ్ పాపా. ఏమప్పా, ఇట్ల రా."

బిడ్డ ఆమె కాళ్ల మీద తడిగుడ్డలా పడి ఉంది. పెదవులు నేరేడు పండు రంగు. అమ్మ అరికాళ్లు రుద్దుతోంది, వీపు తడుతోంది. ఒకసారి దగ్గింది. మళ్లీ ఏమీ లేదు. ఏం జరిగిందో ఆ క్షణమే నాకు తెలుసు.

పక్కింటి ఆటోలో అనంతపురం బయలుదేరాం. బిడ్డను మా అమ్మాయి ఒళ్లో పెట్టుకుంది, ఆమె చెయ్యి బిడ్డ ముక్కు దగ్గర. "ఊపిరి ఆడతాండాది" అనేది. కొంచెం సేపటికి, "ఆడటం లేదు నాయనా" అనేది. వీపు తడితే మళ్లీ ఆడేది. వేరుశనగ పీకేసిన ఎర్రచేలు, వాటి మీద గాలిమరలు తిరుగుతున్నాయి. బయట అంత గాలి ఉంది. అమ్మ ఒంటి మీద తడిచీరతోనే, చేతికంటిన ఆముదంతోనే ఆటోలో ఒక మూల కూర్చొని ఉంది. "మాటాడాకండి, బిడ్డ ఊపిరి వినబడాల" అంది. ఎవరూ మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు.

పిల్లల ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారు. డాక్టరమ్మ, "ముక్కులో ఏం పోసినారు?" అని అడిగింది.

"ఆముదమే తల్లీ" అంది అమ్మ. "ఇంట్లో వండిందే. రోజూ వేసేదే."

డాక్టరమ్మ వంగి బిడ్డ తల వాసన చూసింది. "ఉత్త ఆముదమేనా?"

"ఉత్తదే తల్లీ. నా బిడ్డ మీద ఒట్టు."

ఆ బిడ్డను నేనే. డాక్టరమ్మ పక్క గదిలోకి పోతే వెనకాలే పోయి, తెర లాగి, నీలగిరి తైలం కలిపానని చెప్పాను. రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఎంత అని అడిగింది. మూత నిండా అన్నాను. ఆమె నన్ను తిట్టలేదు. "ముక్కులో ఏ నూనైనా పోయకూడదు, అదొక తప్పు. కానీ ఇది పసిబిడ్డల ముఖం దగ్గరికే రాకూడదు. ఊపిరి ఆగిపోతుంది, ఫిట్స్ వస్తాయి. మీరు ఇప్పుడన్నా చెప్పినారు" అని గబగబా లోపలికి పోయింది.

ఆ మధ్యాహ్నమంతా వరండాలో గోడకు ఆనుకొని నిలబడ్డాను. తలుపు తెరుచుకున్నప్పుడల్లా అటు చూసేవాణ్ణి. తాడిపత్రి నుంచి అల్లుడు, వియ్యపురాలు వచ్చారు. సాయంత్రం డాక్టరమ్మ బయటికొచ్చి, "బిడ్డకు గండం తప్పింది. రెండు మూడు రోజులు చూస్తాం" అంది. ఏమైంది అని అల్లుడు అడిగాడు. ఆమె ఒక్క క్షణం నా వైపు చూసింది. "నూనె వల్ల. ఇంకెప్పుడూ ముక్కులో నూనె పోయాకండి" అని వెళ్లిపోయింది.

చెప్పడానికి నాకు వదిలిపెట్టింది. నేను చెప్పలేదు.

అందరూ అమ్మ వైపు తిరిగారు. "ఏం చేతులమ్మా నీవి" అంది వియ్యపురాలు. "బిడ్డను బతికిచ్చేదానికి పిలుచుకుంటారా, సంపేదానికా? ఏమన్నా, నువ్వన్నా చెప్పొద్దా మీ అమ్మకు?" ఆ చివరి మాట నాతో. మా అమ్మాయి ఏడుస్తూ, "జేజీ, నువ్వు ఇంగ దాన్ని ముట్టుకోవాకు" అంది. అమ్మ తన చిటికెన వేలు చూసుకుంటూ నిలబడింది. నా జేబులోని చేతిగుడ్డ వాసన నాకే వస్తోంది. అప్పుడు చెబితే కూతురు నన్ను ఇక ఎప్పటికీ బిడ్డను ఎత్తుకోనివ్వదన్న భయం. బిడ్డ పోతుందన్న భయం తగ్గగానే ఆ స్థానంలో ఈ భయం వచ్చి కూర్చుంది.

ఇంటికొచ్చి సీసాలన్నీ పెంటదిబ్బలో పారేశాను. గిన్నెను బూడిదతో తోమాను. ఎందుకు తోముతున్నావని ఎవరూ అడగలేదు.

ఊరికి ఆ కబురు చేరడానికి ఎంతోసేపు పట్టలేదు. అమ్మను నీళ్లు పోయడానికి పిలవడం మానేశారు. ఒకరోజు చేటలో బియ్యం ఏరుతూ తనే అడిగింది. "ఒక చుక్క ఎక్కువ పడిందేమోనప్పా ఆ రోజు?"

"పోనీలేమా, అయిపోయింది" అన్నాను.

పైకి ఓదార్పు మాదిరి ఉంటుంది ఆ మాట. నా జీవితంలో అంతకంటే పెద్ద అబద్ధం ఆడలేదు.

ఆ పిల్ల ఇప్పుడు చక్కగా పరుగెడుతుంది, నోటి నిండా మాటలు. ఈ ఏడు మా అమ్మాయి రెండో కాన్పుకు వచ్చింది. మగబిడ్డ పుట్టాడు. తల్లీబిడ్డలను ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చుకున్న మరుసటి పొద్దున, అమ్మ ఒక సంచిలో రెండు చీరలు సర్దుకొని అరుగు మీదికొచ్చింది.

"నేను కణేకల్లుకు, తమ్మునింటికి పోతాండానప్పా. నీ కూతురు వాళ్లూరికి పోయినాక కబురు పెట్టు. నేనీడ ఉంటే ఆ తల్లికి నిద్ర పట్టదు."

లోపలి నుంచి అమ్మాయి విన్నది. వద్దని అనలేదు. అది చూశాక ఇంక నావల్ల కాలేదు. సంచి అమ్మ చేతిలోంచి తీసుకొని, ఇద్దరికీ వినబడేటట్టు చెప్పాను. నీలగిరి తైలం, మూత నిండా, గూట్లోని గిన్నె.

అమ్మాయి బిడ్డను గుండెకు హత్తుకొని ఒకడుగు వెనక్కి వేసింది. నా నుంచి.

అమ్మ అరుగు మీద కూర్చుంది. "నాకు వాసన తెలీదని తెలిసే కలిపినావా?"

"ఊ."

"నేను ఒక చుక్క ఎక్కువైందేమో అని అడిగిననాడు కూడా నీకు తెలుసునా?"

"తెలుసుమా."

"ఈ చేత్తో అన్నం కలుపుకునేటప్పుడల్లా..." అని ఆగిపోయింది. నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కణేకల్లుకూ పోలేదు. సంచి అరుగు మీదే ఉండిపోతే మా ఆవిడ లోపలికి తెచ్చి పెట్టింది.

రెండో రోజు పొద్దున మా అమ్మాయి పొయ్యి దగ్గర నుంచి పిలిచింది. "జేజీ, నీళ్లు కాగినాయి."

అమ్మ పీట మీద కూర్చొని కాళ్లు చాపింది. బిడ్డను పడుకోబెట్టుకుంది. "ముక్కులో ఏం పోయనులే, డాక్టరమ్మ చెప్పింది కదా" అంది ఎవరితోనో. తర్వాత ఆముదం గిన్నె చేతిలోకి తీసుకొని, తలుపు దగ్గర నిలబడ్డ నా వైపు చాపింది.

"వాసన చూడు."

అప్పటి నుంచి రోజూ ఇదే. గిన్నె నా ముక్కు దగ్గరికి వస్తుంది. అమ్మాయి నా ముఖం కేసి చూస్తూ ఉంటుంది. ఉడికించిన ఆముదం వాసనే, ఇంకేమీ ఉండదు. అయినా దాని అడుగున ఎక్కడో నీలగిరి ఘాటు తగిలినట్టుంటుంది. మళ్లీ పీలుస్తాను.

"ఆముదమేమా" అంటాను.

"ఇంగోసారి చూడు" అంటుంది అమ్మ. చూస్తాను. అప్పుడు గానీ వేలు ముంచదు.