బెల్టు అంచున పసుపు

నెలలు నిండకముందే నొప్పులెందుకొస్తాయో తెలుసుకునే పరిశోధనలో, కరీంనగర్‌లో పనిచేస్తున్నాను. గర్భిణులకు మేమిచ్చే బెల్టు పొట్టకు కట్టుకుంటే, గర్భసంచి ఎప్పుడు బిగుసుకుంటుందో మాకు తెలుస్తుంది. చొప్పదండి నుంచి లత ఈ రోజు వచ్చి తన బెల్టు తిరిగిచ్చింది. ఏడో నెలలోనే కాన్పయింది, బిడ్డ దక్కలేదు. బెల్టును ఉతికి, మడతపెట్టి, అంచులకు పసుపు పెట్టి మరీ తెచ్చింది.

"పసుపెందుకమ్మా?" అన్నాను.

"కొత్తబట్టకు పెడ్తం గద మేడం. రేపు గిది కట్టుకునే ఆమెకైన నెలలు నిండాలె."

ఒకరు వాడిన బెల్టును స్పిరిట్‌తో తుడిచాకే ఇంకొకరికివ్వాలి. అందరికీ ఆ రూలు చెప్పేది నేనే. దూది తడిపాను గానీ చెయ్యి ముందుకు పోలేదు.

పొద్దున ఇంకొకామె వస్తుంది. మీరైతే తుడుస్తారా?